రాజకుమారుడి పాత పేరు

నా చిన్నప్పుడు మా తాతయ్య చెప్పే రాజకుమారుడి కథలో యుద్ధం వారం రోజులు సాగేది. ఏడు సముద్రాల అవతల రాక్షసుల తలలు తెగిపడుతుంటే మేము అన్నం సంగతే మరిచిపోయేవాళ్ళం. చివర్లో ఇంటికి రావడం మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. "వచ్చినాడు, పట్టం కట్టినారు, ఇంక లేవండి" అని వల సర్దుకునేవాడు. జువ్వలదిన్నె దగ్గర మాది చేపలు పట్టే పల్లె. వల బాగుచేస్తూ కథ చెప్పడం తాతయ్యకు అలవాటు, పల్లెకు పెద్దరికం చెయ్యడం మరో అలవాటు.

మా పక్కింటి అన్న నిజంగానే యుద్ధానికి వెళ్ళాడు. మా పల్లెలో పట్టాళంలో చేరింది అతనొక్కడే. నాకు ఈత నేర్పింది కూడా అతనే. ఒకరోజు అతను చనిపోయాడని కాగితం వచ్చింది. శవం లేకుండానే వాళ్ళమ్మ కర్మ చేయించింది. ఏడాది తిరక్కముందే, ఆ కాగితం అబద్ధమని చెప్పడానికి అన్నట్టు, ఒక మధ్యాహ్నం మనిషే బస్సు దిగాడు.

ఎవరైనా సంతోషపడతారనుకుంటాం. మా పల్లె భయపడింది. కర్మ జరిగిపోయిన మనిషిని పాత పేరుతో పిలిచినా, అలాగే ఇంట్లోకి రానిచ్చినా, ఆ పని చేసినవాళ్ళ ఇంటి నుంచి ఇంకొకరు పోతారని మావాళ్ళ నమ్మకం. అతన్ని ఊరి బయటే ఆపి, తలంటి, పసిబిడ్డకు పెట్టినట్టు కొత్త పేరు పెట్టాలి. ఆ పేరుతో మొదట పిలిచేది అభం శుభం తెలియని పిల్లలై ఉండాలి. పాత పేరు ఇక ఎవరి నోటా వినపడకూడదు.

తాతయ్య నన్ను పిలిచాడు. రాజకుమారుడికి ఎదురెళ్ళే పాప నేనేనన్నాడు. కథలో అలాంటి పాప లేదని నాకు తెలుసు, అయినా ఉబ్బిపోయాను. పసుపునీళ్ళ చెంబు చేతికిచ్చి, కొత్త పేరు పదిసార్లు వల్లె వేయించాడు.

ఇసుక దిబ్బ దగ్గర అన్న ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకానే ఉంది. నన్ను చూసి నవ్వాడు. నేను గొప్పగా కొత్త పేరుతో పిలిచాను. ఇంకెవరినో పిలిచాననుకుని వెనక్కి తిరిగి చూశాడు. కాసేపటికి గానీ అతనికి అర్థం కాలేదు.

"అట్టా కాదు పాపా. నా పేరు పెట్టి పిలువు. ఒక్కసారి పిలువు."

నోటిదాకా వచ్చింది. తాతయ్య వైపు చూశాను. తల అడ్డంగా ఊపాడు. ఆయన వెనకే వాళ్ళమ్మ, పైటచెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఆమె చిన్నకొడుకు ఆ వేళ సముద్రం మీద ఉన్నాడు. "అమ్మా, నువ్వన్నా పిలువు" అన్నాడు అన్న. ఆమె ముఖం తిప్పుకుంది. నేను కొత్త పేరే మళ్ళీ, ఇంకా గట్టిగా అరిచాను. అప్పుడతను "ఊఁ" అన్నాడు. పలికాడని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చెంబులో నీళ్ళు అతని తల మీద పోయించి, తాతయ్య నాకు బెల్లం ముక్క పెట్టాడు. సిగ్గు లేకుండా తిన్నాను.

మర్నాడు వల దగ్గర తాతయ్యను నిలదీశాను, రాజకుమారుణ్ణి కూడా ఇలాగే ఊరి బయట ఆపారా అని. ఆయన చేతిలో పని ఆపలేదు.

"ఆపే ఉంటారు. అది మాత్రం కథలో చెప్పకూడదు పాపా. చెప్తే యుద్ధానికి ఎవురు పోతారు?"

అన్న ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మా పల్లెలోనే బతికాడు. ఒంటిచేత్తో చేపలు ఎండబెట్టేవాడు. వాళ్ళమ్మ పోయేదాకా "ఒరే" అనే పిలిచింది, ఏ పేరూ పెట్టి పిలవలేదు. చివరికి అతను పోయినప్పుడు, కర్మ చేయించే అయ్య పేరు అడిగితే తమ్ముడు కొత్త పేరే చెప్పాడు. పాత పేరుకు కర్మ ఎప్పుడో అయిపోయింది కదా!

ఇప్పుడు నా మనవరాలు ఫోన్లో మాయాలోకాల నవలలు చదువుతుంది. ఎన్ని వందల పేజీలైనా అంతా యుద్ధమే. "వీరుడు ఇంటికొచ్చేశాడు అమ్మమ్మా, అయిపోయింది" అని కళ్ళు తుడుచుకుంటుంది. ఇంట్లోవాళ్ళు ఏమని పిలిచారే అని అడుగుతాను. అది రాయలేదంటుంది. తాతయ్య మీద కోపం మళ్ళీ రాజుకుంటుంది. కానీ ఆ రోజు అరిచిన నోరు నాది. ఎవరూ లేనప్పుడు ఆ పాత పేరు గట్టిగా పిలవాలని ఇసుక దిబ్బ దగ్గరికి ఎన్నోసార్లు వెళ్ళాను. నా కొడుకు సముద్రం మీదికి పోతుంటాడు. ఇప్పటిదాకా పిలవలేదు.