పన్నెండో సీసా

చంద్రమ్మ మీద నేను అరవని రోజు లేదు. ఇది ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత ఒప్పుకోవాల్సినవి ఇంతకంటే పెద్దవి ఉన్నాయి.

అమీర్‌పేటలో మా ల్యాబు మూడో అంతస్తులో ఉంది. కింద రెండంతస్తుల నిండా కంప్యూటర్ కోచింగులు, మెట్ల నిండా చెప్పులు. నీళ్లు పరీక్ష చేసి అందులో ఏముందో కాగితం మీద రాసివ్వడం మా పని. నేను అక్కడ చీఫ్ కెమిస్టుని, పేరు జానకీదేవి. భీమవరం దగ్గర పుట్టి ముప్పై ఏళ్ల కిందట ఈ ఊరొచ్చాను. కోపం మాత్రం అక్కణ్ణించే తెచ్చుకున్నాను. చంద్రమ్మ సీసాలు కడుగుతుంది. ఇల్లు బోరబండలో. పొద్దున ఏడింటికి తాళం తీసేది తనే, సాయంత్రం నేల తుడిచి తాళం వేసేదీ తనే. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస.

సీసాలు కడగడమంటే గిన్నెలు తోమడం కాదు. ముందు సబ్బునీళ్లు, తర్వాత ఆమ్లం, తర్వాత కుళాయి నీళ్లు, ఆపైన మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్. చంద్రమ్మ ఒక్కో సీసానీ ఎత్తి కిటికీ వెలుతురులో తిప్పి చూస్తుంది, మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తుంది. విడతకి పన్నెండు. చదువు రాదు కాబట్టి ఒక్కో విడతకి ఒక్కో రంగు దారం మెడకి కడుతుంది. కోడలు జాకెట్లు కుడుతుంది, దారాలకి కొదవ లేదు. పదకొండు సీసాలు నమూనాలకి ఇచ్చి, పన్నెండోదానిలో డిస్టిల్డ్ వాటర్ పోసి, నీళ్లు చెడకుండా మిగతావాటిలో వేసే ఆమ్లపు చుక్కలే ఇందులోనూ వేసి, మూత బిగించి అరలో పెడుతుంది. ల్యాబు మొదలైనప్పుడు పనిచేసిన పెద్దసారు నేర్పిన అలవాటట. పదకొండూ శుభ్రంగా కడిగామని చెప్పడానికి ఈ పన్నెండోది సాక్షి అని చెప్పాడట. ఆయన పోయి పదేళ్లయినా ఈవిడ ఆ మాట వదల్లేదు.

నాకు తెలియని సంగతేం కాదు. పుస్తకాల్లో ఉన్నదే. కానీ నెలకోసారి చేస్తే చాలదా, విడతవిడతకీ ఎవరు చేస్తారు? అరలన్నీ ఉత్త నీళ్ల సీసాలతో నిండిపోయి నా ఫైళ్లకి చోటు లేకుండా పోయింది. మూడేళ్ల కిందట ఒకరోజు ఒళ్లు మండి, జాగా లేదు, ఇక ఈ పన్నెండో సీసా గోల మానేయమని గట్టిగా చెప్పాను. "అట్లనే మేడం" అంది. మానేసిందనే అనుకున్నాను.

కిందటేడాది ఫిబ్రవరిలో వీర్రాజు వచ్చాడు. సముద్రం ఒడ్డున కొత్తసోమిపాలెంలో చేపలవేట చేసుకునే మనిషి. రైల్లో నిలబడి వచ్చాడట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తువ్వాలులో చుట్టిన ఆవకాయ సీసా తీసి నా బల్ల మీద పెట్టాడు. అందులో సముద్రం నీళ్లు. వాళ్ల పేట దగ్గర సముద్రంలో కలిసే కాలవలోకి ఒక రసాయనాల ఫ్యాక్టరీ గొట్టం పెట్టింది. వారం కిందట మొదట కవ్వళ్లు, కానాగంతలు లాంటి చేపలు చచ్చి తేలాయట. మర్నాటికి పీతలు. మూడో రోజుకి తాబేళ్లు సైతం వచ్చి ఒడ్డున పడ్డాయి. రెండు మైళ్ల పొడవునా మూరెడు మందాన చచ్చిన చేపలు, కాకులు కూడా ముట్టలేదని చెప్పాడు. ఎండకి చచ్చాయని ఫ్యాక్టరీవాళ్లు అన్నారట. ఫిబ్రవరిలో ఎండేమిటో నాకైతే అర్థం కాలేదు.

"మా నాన్న నలభై ఏళ్లు ఏటకెళ్లాడండి. సముద్రం పీతని సంపడం ఆయనెప్పుడూ సూళ్లేదండి," అన్నాడు.

నాకు జాలేసింది. జాలేస్తే నాకు గొంతు ఇంకా పెరుగుతుంది, అదో జబ్బు. ఆవకాయ సీసాలో తెచ్చిన నీళ్లు పరీక్షకి పనికిరావని, నూనె, కారం ఎంత కడిగినా పోవని, ఈ కాగితం ఏ ఆఫీసులోనూ చెల్లదని గడగడా చెప్పేశాను. అతను సీసా మళ్లీ తువ్వాలులో చుట్టుకుని దిగిపోయాడు. మెట్ల మీద కూర్చున్న అతని పక్కన చంద్రమ్మ కూర్చుని మాట్లాడటం చూశాను. నీళ్లు ల్యాబు సీసాల్లో తీయాలని, అధికారుల ముందరే తీయించమని, అందరి సంతకాలూ పెట్టించమని చెప్పిందట. నేను చెప్పాల్సిన మాటలవి.

వీర్రాజు వెళ్లి పేట మొత్తాన్ని జిల్లా ఆఫీసు ముందు కూర్చోబెట్టాడు. మూడు వారాలు కదల్లేదు. చివరికి ముగ్గురు పెద్దలతో విచారణ సంఘం వేశారు. కాలవ దగ్గరా సముద్రంలోనూ ఇంకా నురగ తగ్గలేదు, నీళ్లు మా ల్యాబు సీసాల్లోనే తీయాలన్నారు. కంపెనీవాళ్లు ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టారు: సీసాలు ముందు మేం చూడాలి. పంజాగుట్టలో ఉన్న వాళ్ల ఆఫీసు నుంచి రవికాంత్ అనే అధికారి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చెవి దగ్గర ఫోను. రెండు సీసాలు వాసన చూశాడు, బాగున్నాయన్నాడు. చంద్రమ్మ చిలకపచ్చ దారం కట్టిన సీసాలు ఒక్కోటీ తెచ్చి ముందు పెడుతుంటే, మూత మీద అంటించిన చీటీల మీద అతను ఫోనులో మాట్లాడుతూనే సంతకాలు చేశాడు. తర్వాత వీర్రాజు, తర్వాత నేను. ఎన్ని చేశానో లెక్కపెట్టలేదు. పదకొండు సీసాలు ఐసు పెట్టెలో సముద్రానికి వెళ్లి, అక్కడ అందరి ముందూ నీళ్లు నింపుకుని, కొత్త చీటీలతో తిరిగొచ్చాయి.

అందులో మూడు విప్పకుండా సంఘం దగ్గర దాచారు. ఎనిమిది నేను పరీక్షించాను. ఎనిమిదింటిలోనూ ఫినాల్ జాతి విషం. చేపల మొప్పల్ని కాల్చేసే సరుకు. రెండు మైళ్ల అవతల తీసిన సీసాలో కూడా ఉంది. ఆ కోపంతోనే రిపోర్టు రాసి సంతకం పెట్టాను.

సెప్టెంబరులో పంజాగుట్టలో ఒక హాల్లో విచారణ పెట్టారు. కంపెనీ లాయరు చాలా మర్యాదస్తుడు. మీ ల్యాబులో నేల దేంతో తుడుస్తారండీ అని అడిగాడు. నల్ల ఫినాయిల్‌తో అన్నాను. ఎవరు తుడుస్తారండీ? చంద్రమ్మ. సీసాలెవరు కడుగుతారండీ? చంద్రమ్మే అన్నాను. ఆయన సంఘం వైపు తిరిగి, నేల తుడిచే ఫినాయిల్‌లోనూ ఆ జాతి రసాయనాలే ఉంటాయని, ఆ చేతులతో కడిగిన సీసాల్లో ఏ నీళ్లు పోసినా ఈ విషమే కనబడుతుందని చెప్పాడు. లేకపోతే రెండు మైళ్ల అవతల ఎలా ఉంటుంది? విషం సముద్రంలో లేదు, సీసాలో ఉంది. సంఘం పెద్ద కళ్లజోడు తీసి నా వైపు చూశారు. మూడు రోజుల్లో జవాబు చెప్పకపోతే రిపోర్టు పక్కన పెట్టేస్తామన్నారు. గోడ దగ్గర నిలబడ్డ వీర్రాజు ముఖం నేను చూడలేకపోయాను.

ల్యాబు ఓనరు చలపతిరావు గారు చెడ్డవాడు కాదు, పిరికివాడు. కడిగే మనిషి నిర్లక్ష్యం వల్ల జరిగిందని ఒక లెటర్ రాసిచ్చి, ఆవిణ్ణి మాన్పించేస్తే ల్యాబు పేరు మిగులుతుందన్నాడు. ఆయన మీద ఇంతెత్తున లేచాను. లేచినదాన్ని లేచినట్టే ఉండొచ్చుగా. తిన్నగా సింకు దగ్గరికి వెళ్లి, నిజం చెప్పమని, ఆ రోజు ఫినాయిల్ ముట్టుకున్న చేత్తో సీసాలు గానీ ముట్టుకున్నావా అని అడిగాను. ఇరవై రెండేళ్ల తర్వాత.

చంద్రమ్మ కుళాయి కట్టేసింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మీరు సుత గట్లనే అనుకుంటున్నరా మేడం?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట ఇప్పుడు రాస్తున్నా నా చెవులు వేడెక్కుతున్నాయి. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను కానీ ఆవిడ ఆగలేదు. సింకు కింద కూర్చుని బకెట్లు పక్కకి జరిపింది. వెనకాల సీసాలు ఆరబెట్టే పాత ఓవెన్, ఎప్పుడో పాడైపోయింది, ఉంది; నేను అమ్మేయమని నాలుగుసార్లు అరిచింది దాని గురించే. దాని తలుపు తీసింది. లోపల వరసగా సీసాలు. ఎరుపు దారం, నీలం దారం, పసుపు దారం. చెయ్యి లోపలికంటా పెట్టి చిలకపచ్చ దారం కట్టినదాన్ని బయటికి తీసింది.

"అరల జాగ లేదన్నరు కదా, గందుకే గీడ పెట్టిన. మిగిలినయి మూడు నెలలకొకపారి మళ్ల కడుగుత. సంతకాలున్నది ఎట్ల పారేస్త మేడం?"

లోపల డిస్టిల్డ్ వాటర్ పోసినది పోసినట్టే ఉంది, మూత మీద చీటీ చెక్కుచెదరలేదు. దాని మీద నా సంతకం. దాని కింద వీర్రాజుది. అన్నిటికంటే పైన, ఫోనులో మాట్లాడుతూ గీకిన రవికాంత్ సంతకం, తేదీతో సహా. ఆ రోజు చంద్రమ్మ మా ముగ్గురి చేతా పదకొండు కాదు, పన్నెండు సంతకాలు పెట్టించింది. నేను ఆ సింకు దగ్గరే నేల మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి చేశాను. చలపతిరావు గారు వచ్చి చూసి, ఆ సీసాకి తాళం వేద్దామా అన్నాడు. అంతవరకూ ఉద్యోగం తీసేద్దామన్న పెద్దమనిషి.

విచారణ రోజున ఆటో అమీర్‌పేట దాటకుండానే ఇరుక్కుపోయింది. దిగి మెట్రో స్తంభాల కిందుగా నడిచాం. సీసా ఉన్న టిఫిన్ సంచిని చంద్రమ్మ రెండు చేతులా పట్టుకుని నడుస్తుంటే, ముందు నేను బైకులవాళ్లని తిట్టుకుంటూ దారి చేశాను. నా నోరు సక్రమంగా పనికొచ్చింది ఆ రోజే.

హాల్లో చంద్రమ్మ సీసా బల్ల మీద పెట్టగానే లాయరు ఈవిడెవరని అడిగాడు. నేను చెప్పబోయాను. సంఘం పెద్ద ఆవిణ్ణే చెప్పమన్నారు.

"సీసలు పొద్దుగాల కడుగుత సార్, నేల సాయంత్రం తుడుస్త. పన్నెండు ఒక్కతీర్గనే కడిగిన. పదకొండు సముద్రానికి పోయినయ్, గిదొక్కటి నా తాన్నే ఉన్నది. గా సార్ సంతకం సుత ఉన్నది. నా చేతుల ఏమన్న ఉంటే దీంట్ల సుత ఉండాలె. విప్పి చూడుర్రి."

సంఘం పెద్ద చీటీని రవికాంత్‌కి చూపించి, సంతకం మీదేనా అని అడిగారు. అతను ఫోను జేబులో పెట్టాడు. చాలాసేపు చూసి, నాదేనన్నాడు. లాయరు ఊరుకోలేదు, ఆరు నెలల్లో విషం ఆవిరైపోయి ఉండొచ్చు కదా అన్నాడు. దాని కోసమే కాచుకుని ఉన్నాను. సంఘం దగ్గర విప్పని సముద్రపు సీసాలు మూడున్నాయి, వాటి వయసూ ఇంతే, వాటిలో వేసిన ఆమ్లమూ ఇదే, నాలుగింటినీ ఒకే రోజు ఒకే చోట విప్పించండి, మా ల్యాబులో కూడా వద్దు, మీ ఇష్టమొచ్చిన చోట చేయించండి అన్నాను. లాయరు కూర్చున్నాడు.

అలాగే చేయించారు. నాలుగు రోజులకి ఫలితం వచ్చింది. సముద్రపు సీసాలు మూడింటిలోనూ విషం. చంద్రమ్మ సీసాలో విషం చుక్క కూడా లేదు.

వీర్రాజు హాలు బయట మెట్ల మీద చంద్రమ్మ కాళ్లకి దణ్ణం పెట్టబోతే, ఆవిడ అతని చెయ్యి పట్టుకుని లేపి, టీ తాగుదాం నడువన్నా అంది. నేను ఆ సాయంత్రం మా బిల్డింగు మొత్తానికి లడ్లు పంచాను, కోచింగుకొచ్చే పిల్లలతో సహా. ఎందుకో తెలియకుండానే వాళ్లు చంద్రమ్మకి చప్పట్లు కొట్టారు. నవంబరులో ఉత్తర్వు వచ్చింది. గొట్టం మూసేశారు. నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు కట్టి, మూడు నెలలకోసారి సముద్రం నీళ్లు పరీక్ష చేయించి చూపించేదాకా ఫ్యాక్టరీ తలుపు తెరవకూడదన్నారు. ఉత్తర్వు నాలుగో పేజీలో, సీసాల శుభ్రతకి చంద్రమ్మ భద్రపరిచిన పన్నెండో సీసాయే తిరుగులేని రుజువని రాశారు. ఆ పేజీ జిరాక్సు తీయించి సింకు పైన అంటించాను.

మొన్న ఫిబ్రవరిలో మళ్లీ సీసాల కోసం వీర్రాజు వచ్చాడు. ఈసారి నిలబడి కాదు, బెర్తు మీద పడుకుని వచ్చానని చెప్పాడు. ఒడ్డున పీతల బొరియలు కనబడుతున్నాయట. మొదట ఒకటీ రెండూ, ఇప్పుడు పిల్లలు కాలు పెట్టడానికి జాగా లేనన్ని. పోయిన వారం వాళ్ల వలలో కానాగంతలు పడ్డాయని చెబుతూ, చెప్పడం ఆపి కళ్లు తుడుచుకున్నాడు.

చంద్రమ్మ నారింజరంగు దారం కట్టిన సీసాలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టింది. ఈసారి లెక్కపెట్టాను. పన్నెండున్నాయి. పన్నెండింటి మీదా సంతకం చేశాను. నా ఫైళ్లు రెండు దింపేసి, కిటికీ పక్క అర ఖాళీ చేసి, పన్నెండోదాన్ని నేనే పెట్టబోయాను.

"జర ఆగుర్రి మేడం," అంది చంద్రమ్మ. నా చేతులు వాసన చూసి, కడుక్కుని రమ్మంది.

వెళ్లి కడుక్కున్నాను.