ఫ్యాన్ల హోరులో నా పాఠం

మొన్న మధ్యాహ్నం పెనుబల్లిలో మా ఇంట్లో కూలర్ హోరు మధ్య, పక్కగదిలో ఉన్న మా అమ్మాయిని భోజనానికి పిలుస్తున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నా కేక ఒక్కటే ఇల్లంతా మిగిలింది. "ఇన్ననే అమ్మా, నేనేమన్న ఖమ్మంల ఉన్ననా?" అని అది పకపకా నవ్వింది. ఒకప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకు కూడా నా మాట వినపడేది కాదంటే నమ్మదు. మన ఈడువాళ్లకైతే తెలుసు, నెమ్మదిగా మాట్లాడే ఆడపిల్లకు ఆ రోజుల్లో ఎంత మంచి పేరుండేదో. ఆ మంచి పేరే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మాల్దీవుల్లో నా ఉద్యోగం మీదికి తెచ్చింది.

బీఎడ్ అయ్యాక ప్రభుత్వోద్యోగం రాక, డైరీ రాసుకుంటూ, లైబ్రరీ పుస్తకాలు చదువుకుంటూ వసారాలో కూర్చున్న నన్ను, మాల్దీవుల బళ్లకు టీచర్లు కావాలన్న ప్రకటన పేపర్లో చూసి మా మేనమామ హైదరాబాదులో ఇంటర్వ్యూకు తీసుకెళ్లాడు. అది చిన్న గది కాబట్టి నా గొంతు సంగతి బయటపడలేదు, ఉద్యోగం వచ్చేసింది. బయలుదేరేటప్పుడు అమ్మ మాత్రం, "నచ్చకుంటె వచ్చెయ్ బిడ్డా, ఎవ్వలేమంటరు?" అంది. ఆ మాటే నన్ను అక్కడ కుదురుగా ఉండనివ్వలేదు.

ఆ దీవి ఎంత చిన్నదంటే, బడి వదిలాక సాయంత్రం నడక మొదలుపెడితే చీకటి పడకముందే బయలుదేరిన చోటికే వచ్చి, ఏం చేయాలో తోచక మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఎండ మనకు కొత్త కాదు గాని, మన ఎండ కాల్చి వదిలేస్తుంది, అక్కడిది ఉడకబెడుతుంది. తిండికి అన్నం, పప్పు, సరుకుల పడవ వస్తే క్యాబేజీ. పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే లేచి, రేవు దాకా వెళ్లి నిలబడేదాన్ని.

తరగతిలో తలమీద ఫ్యాన్లు, రేకుల కప్పు, సగం గోడల మీదుగా సముద్రపు గాలి. నా ఇంగ్లీషు పాఠం మొదటి బల్ల దాటేది కాదు. మూడు నెలల్లో పనితీరు నచ్చకపోతే వెనక్కి పంపేస్తామన్నది ఒప్పందం. నా గదిలోనే ఉండే లెక్కల టీచరు, మా ఖమ్మం వైపే తిరుమలాయపాలెం నుంచి వచ్చిన అక్క, "ఏం పిల్లా, పాఠం చెప్తున్నవా, చెవుల మంత్రం ఊదుతున్నవా?" అని ఎగతాళి చేసి, ఒకరోజు ఒడ్డుకు లాక్కెళ్లి అరవమంది. ఏమని అరవాలంటే, "మీ అమ్మను పిలువు, గామెకు ఇనపడాలె" అంది. పిలవబోతే ఏడుపొచ్చింది గాని గొంతు రాలేదు. నిజానికి పంపించేస్తే బాగుండునని లోపలొక ఆశ. అంతలోనే మళ్లీ ఆ వసారాలోనే కూర్చోవాలన్న ఊహ భయపెట్టేది.

గడువు ముగుస్తుందనగా సూపర్‌వైజర్ వచ్చి తరగతిలో వెనక కూర్చున్నారు. పాఠంలో అడవి అన్న మాట వచ్చింది, అడవంటే ఎలా ఉంటుందని ముందు బల్లలోని పాప అడిగింది. అప్పుడే దీవికంతటికీ కరెంటిచ్చే జనరేటర్ ఆగి, ఫ్యాన్లు నిలిచిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, పుస్తకం మూసి, వేసవిలో అమ్మమ్మ వెంట తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి వెళ్లడం గురించి చెప్పడం మొదలుపెట్టాను: చెట్టు కింద తెల్లగా పరుచుకున్న పూలు, కల్లులాంటి వాసన, మాకంటే ముందే వచ్చి కూర్చుని తింటున్న ఎలుగుబంటి. చెమటలు కారుతున్నా పిల్లలెవరూ కదలలేదు. ఎలుగు తలెత్తి మా వైపు చూసిందనగానే ఫ్యాన్లు ఒక్కసారిగా తిరిగాయి. కథ అక్కడ తెగిపోవడం భరించలేక, నాకు తెలియకుండానే గొంతెత్తాను; అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచిన సంగతి వెనక బల్లల దాకా వెళ్లింది. సూపర్‌వైజర్ తలూపి లేచి వెళ్లిపోయారు. నేనిక ఇంటికి వెళ్లడం లేదని అర్థమై, సంతోషమో దిగులో తెలియక బల్ల పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు ముందు బల్లలోని ఆ పాపే మళ్లీ లేచి, "మిస్, ఆ అడవి చుట్టూ నడిచి రావాలంటే ఎంతసేపు పడుతుంది?" అంది. వాళ్లకు తెలిసిన నేల అంతా చుట్టి రాగలిగేదే మరి. అలా చుట్టి వచ్చినవాళ్లెవరూ లేరమ్మా అని, కాస్త గర్వంగానే చెప్పాను.

ఆ తర్వాత చాలా ఏళ్లే అక్కడ పనిచేశాను, అక్కడున్నన్నాళ్లూ ఇక్కడికి, ఇక్కడికొచ్చాక అక్కడికి మనసు లాగుతూనే ఉంది. ఈమధ్య అశ్వారావుపేట దాటి అమ్మమ్మ ఊరికి వెళ్తుంటే, ఇప్పచెట్లుండిన చోట పామాయిల్ మొక్కలు గీత గీసినట్టు వరసలుగా నిలబడి, వాటి సందుల్లోంచి అవతలి ఊరి ఇళ్లు కనబడుతున్నాయి. బస్సు కిటికీ పక్కన కూర్చుని, మిగిలిన ఆ కాస్త అడవిని పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చుట్టి రావచ్చని నా అంతట నేనే లెక్క వేసుకున్నాను.