ఇంట్ల నీళ్లెవరు పోస్తరు?

మేడిపల్లి రోడ్డు మీద నర్సరీ పెట్టుకున్న ఆ పెద్దమనిషి మొక్కలమ్మేవాడిలా ఉండేవాడు కాదు, ఆడపిల్లకు సంబంధం చూస్తున్న తండ్రిలా ఉండేవాడు. ఎవరు ఏ మొక్క అడిగినా ముందు ఒకటే ప్రశ్న. "ఇంట్ల నీళ్లెవరు పోస్తరు?" జవాబు నచ్చకపోతే పిల్లనిచ్చేవాడు కాదు.

చెంగిచెర్లలో మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో, గృహప్రవేశానికి ఆఫీసువాళ్లు వస్తారని, ఇంటిముందు పరిచే లాన్ గడ్డి కోసం వెళ్లాను. నీళ్లు నేనే పోస్తానన్నాను. ఆయన నా ఇస్త్రీ చొక్కాను, మెడలో వేలాడే నాచారం ఫ్యాక్టరీ కార్డును తీరిగ్గా చూశాడు.

"మీ కాలనీల బోరున్నదా, ట్యాంకరా?"

"ట్యాంకరే."

"అయితే గడ్డి ఇయ్య సారూ. గీ కాయితంపూల చెట్టు తీస్కపో. నువ్వు మర్సిపోయినా బతుకుతది."

ఒళ్లు మండి, ఉప్పల్‌లో ఇంకోచోట గడ్డి కొన్నాను. గృహప్రవేశం నాడు అందరూ మెచ్చుకున్నారు. ఏప్రిల్‌కల్లా అది కొబ్బరిపీచయింది.

తలొంచుకుని మళ్లీ వెళితే ఆయన గడ్డి ఊసే ఎత్తలేదు. షెడ్డు వెనక నుంచి అదే కాగితంపూల మొక్కను తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పటికి నిండా పూసి ఉంది.

"నీకోసమే పక్కకు వెట్టిన. జర లేటుగ వచ్చినవ్, గంతే."

ఇప్పుడు ఆ నర్సరీ లేదు. మా గోడ మీద ఆ చెట్టు మాత్రం విరగబూస్తోంది. నీళ్లెవరు పోస్తారని చూసినవాళ్లు అడిగితే, నేనేనంటాను. అందరూ నమ్ముతారు. నమ్మనివాడు ఆయనొక్కడే.