ఒక్క శవానికి రెండు గోతులు

మనిషి పోతే ఒక గొయ్యి చాలని లోకమంతా ఒప్పుకుంటుంది. నేను రెండు తవ్వించాను, అదీ ఉద్యోగం కోసం. నవ్వాలనిపిస్తే నవ్వండి. ఆ రోజు నవ్విన వాళ్లందరి పేర్లూ నాకింకా గుర్తున్నాయి.

డిగ్రీ అయ్యాక ఏలూరులో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఎవరిదో చూసి నా బయోడేటాలో ‘ఎక్సలెంట్ ఆర్గనైజేషనల్ స్కిల్స్’, ‘ఎబిలిటీ టు హ్యాండిల్ మల్టిపుల్ టాస్క్స్’ అని ఎక్కించాను. అప్పటిదాకా నేను సర్దింది నా పక్క ఒక్కటే, అదీ అమ్మ అరిస్తే.

అది పట్టుకుని కైకలూరులో రొయ్యల వ్యాపారి సుందరరావు గారి దగ్గరికి వెళ్లాను.

“ఈ ఇంగ్లీషుకి అర్థం ఏంటయ్యా?”

“ఎన్ని పనులు మీదపడ్డా ఒక్కడినే చక్కబెడతానండీ.”

అంతలో ఆయన ఫోను మోగింది. ఆయన ఇంట్లోనే ఉంటున్న, పిల్లల్లేని మేనత్త పోయిందట. చెరువులో వలలు దిగిపోయాయి, రొయ్యల పట్టుబడి ఆపితే సరుకు పాడు, ఆయన కదల్లేరు. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

“సాయంత్రానికి భూస్థాపన. మా పాస్టరు గారికి చెప్పి, మా చర్చి సమాధుల తోటలో గొయ్యి తీయించు. సవ్యంగా జరిగితే ఉద్యోగం నీదే.”

“అలాగేనండీ.”

సుందరరావు గారింటికెళ్లేసరికి ఆయన అన్నగారు దిగారు. ఆయన చర్చి వేరు.

“అత్తని మా చర్చి తోటలోనే పెట్టాలి. మా పాస్టరు గార్ని పిలువు.”

బుద్ధున్నవాడైతే అన్నదమ్ములిద్దర్నీ కూర్చోబెట్టి ఏదో ఒకటి తేల్చమంటాడు. మల్టిపుల్ టాస్కుల వాడు ఏమంటాడు? “అలాగేనండీ” అంటాడు.

సాయంత్రం శవపెట్టె ఇంటి గేటు దాటగానే ఒక పాస్టరు గారు పాట ఎత్తుకుని ఎడమకి తిరిగారు, ఇంకొకరు కుడికి. మోసేవాళ్లు చెరోవైపు లాగారు. పెట్టె రోడ్డు మధ్య తెడ్డు పోయిన దోనెలా ఊగింది.

“ఎవడయ్యా ఇద్దరికీ చెప్పింది?” అని అరిచారు అప్పటికి చెరువు దగ్గర్నుంచి వచ్చేసిన సుందరరావు గారు.

“రెండు గోతులూ రెడీగా ఉన్నాయండీ. మీకు ఏది వీలైతే...”

“రెండోదాంట్లో నువ్వు పడుకుంటావా?” అన్నారు అన్నగారు. జనం నవ్వారు, శవం ముందే.

పోట్లాటలో అన్నగారే గెలిచారు. సుందరరావు గారి చర్చి తోటలో తవ్వించిన గొయ్యి ఖాళీగా మిగిలిపోయింది. ఖాళీ గొయ్యి ఇంకొకర్ని పిలుస్తుందని అక్కడ నమ్మకం. ఆయన బాబాయి, దగ్గుతో ఊగిపోతున్న ముసలాయన, నా కాలరు పట్టుకున్నాడు.

“అది నన్నే చూస్తోందిరా! పూడ్చు!”

పార నా చేతికిచ్చి, కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఇంటర్వ్యూ బూట్లతోనే పూడ్చాను. మంచినీళ్లు కావాలా అని ఒక్కరూ అడగలేదు. ఇవాళ్టికీ మర్చిపోలేదు.

చివరి పార మట్టి వేస్తుంటే సుందరరావు గారు వచ్చారు.

“ఏవండీ, మరి ఉద్యోగం?”

ఆయన ఆ మట్టి వైపు చూశారు. “అదీ అందులోనే పూడ్చేశావు కదయ్యా.”

అందుచేత, పార పట్టిన ఈ చేతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ ఏర్పాటైనా చేయగలనని ఇక ఏ భాషలోనూ రాయను. నా చావు ఏర్పాట్లు కూడా వేరే ఎవరైనా చూసుకోవలసిందే.