చేతులు కట్టుకుని చూసే పందెం

మా మేనత్త పట్టుబట్టకపోతే నేను నందికొట్కూరు వెళ్ళేవాణ్ణే కాదు. మా నాయన తొలి ఏడాది తిథి ఇంకా పది రోజులే ఉంది. "ఆలోపల ఖాసిం దగ్గరికి పోయి అడుగురా. మా అన్న ఆ పొద్దు గుర్రాన్ని కావాలనే నిలిపినాడా, లేదా? అది తెలీకుండా నాకు నిద్ర పట్టదు" అంది.

యాభై ఏళ్ళ కిందటి సంగతి. మా తాత నందికొట్కూరులో జట్కా తోలేవాడు. ఏటా జాతర మరునాడు అక్కడ జట్కా గుర్రాలకు పందెం పెట్టేవారట. మా గుర్రం మీద మా నాయన అందరికంటే ముందున్నాడు. ఇక గెలిచినట్టే అనుకుంటుండగా గుర్రం ఆగిపోయింది. వెనకున్న ఖాసిం గెలిచాడు. మా నాయన అమ్ముడుపోయాడని ఊరంతా అన్నది. ఆ మాట పడలేక ఇల్లంతా కడప చేరింది. నాయన మాత్రం చచ్చేదాకా దాని గురించి నోరు విప్పలేదు.

కడపలో ఉదయం ఐదున్నరకు కర్నూలు బస్సు ఎక్కాను. టికెట్టు మూడు వందలకు కాస్త అటూ ఇటూ. బస్సు ప్రయాణంలో నాకు ముందు నడుము, తర్వాత నోరు నొప్పిపెడతాయి. పక్కన కూర్చున్నవాళ్ళు నన్ను ఊరికే ఉండనివ్వరు. మైదుకూరులో ఎక్కిన రైతు నా ఊరూ పనీ అన్నీ రాబట్టాడు. "గుర్రాల పందెమా? ఇప్పుడు గుర్రాలు యాడుండాయప్పా! బండలాగుడు పందేలకు రా, మా ఎద్దుల్ని చూపిస్తా" అని నంద్యాల వచ్చేదాకా తన ఎద్దుల గొప్పలే చెప్పాడు. పాపం, మంచివాడే.

పదిన్నరకు కర్నూలు. బస్టాండు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మీరు ఆ దారిన వెళితే తప్పక తినండి, నీళ్ళు మాత్రం దగ్గర పెట్టుకోండి. అక్కణ్ణుంచి నందికొట్కూరు గంట ప్రయాణం.

పందెం నేలను చూద్దామని ముందు ఆత్మకూరు దారి పట్టాను. చూడ్డానికి ఏముంది! విత్తనాల అంగళ్ళు, ట్రాక్టర్ షెడ్లు, హద్దురాళ్ళు పాతిన ప్లాట్లు. ఒక ఆటో అతన్ని ఖాసిం ఇల్లు అడిగితే "జట్కా ఖాసిం సాబా? రాన్నా" అని నేరుగా ఇంటి ముందు దించాడు.

ఎనభైకి దగ్గరపడిన ఖాసిం సాహెబు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎవరి కొడుకునో చెప్పగానే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. టీ వచ్చాక అడగవలసింది అడిగాను.

"మీ నాయన నిలపలేదల్లుడా. గుర్రమే నిలబడినాది."

"ఎందుకు మామా?"

"జట్కా గుర్రానికి ఏం నేర్పుతాం? దారి పక్కన ఎవరన్నా చెయ్యెత్తితే నిలబడాల. ఏడాదంతా అదే పని చేసిన గుర్రానికి ఆ పొద్దు పందెమని ఎట్ల తెలుస్తాది? అందుకే మా పందేనికి ఒక కట్టడి ఉండె. చూసేటోళ్ళంతా చేతులు కట్టుకొని నిలబడాల. నోటితో ఎంతన్నా అరుచుకో, చెయ్యి మాత్రం లేపగూడదు."

"మరి ఎవరు లేపారు?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "జనం లేని మలుపుకాడ ఒక చిన్నపిల్ల. ఇంట్లో చెప్పకుండా వచ్చినట్టుండాది. 'అన్నా' అని చెయ్యెత్తె. వెనక వస్తాండా కదా, నేనొక్కణ్ణే చూసినా. మీ అత్తప్పా ఆ పిల్ల. ఎనిమిదేండ్లుంటాయేమో."



ఓడినవాడు గెలిచిన గుర్రానికి తన చేత్తో ఉడికించిన ఉలవలు తినిపించడం అక్కడి ఆచారమట. మర్నాడు తెల్లారి మా నాయన ఉలవల గంప ఎత్తుకుని వచ్చాడట. "తినిపిస్తానే చెప్పినాడు, 'ఖాసిం, చెల్లెలి పేరు యాడా ఎత్తొద్దు. ఊరు నన్నంటే పడతా. ఆ పిల్ల మాట పడగూడదు' అని. నేను శానా బాధపడినా అల్లుడా. గెలిచినోన్ని నేనే, నిజం తెలిసినోన్ని నేనే. ఒట్టు పెట్టించుకున్యాడు, ఏం జేసేది?" అని కళ్ళు తుడుచుకున్నాడు. మా నాయన మీద అంత ప్రేమ, అంత కోపం నాకెన్నడూ రాలేదు. ఒక్క మాటతో పోయేదానికి ఊరే వదిలేశాడే!

వాళ్ళింట్లోనే అన్నం తిని మూడింటికి బయలుదేరాను. కర్నూలులో కడప బస్సు దొరికింది, కిటికీ పక్కన సీటు కూడా. ఓర్వకల్లు రాళ్ళ మీద సాయంత్రపు ఎండ పడుతున్న వేళ అత్త ఫోను చేసింది.

"ఏమన్యాడురా?"

"నాయన నిలపలేదత్తా. గుర్రమే నిలబడిందంట."

అటునుంచి ఏడుపు వినిపించింది. కాసేపటికి నవ్వు కూడా కలిసింది.

"నాకు తెలుసురా! ఆ పొద్దు అమ్మకు చెప్పకుండా ఉరికి పోయి మలుపుకాడ నిలబడి ఉంటి. చెయ్యెత్తి 'అన్నా' అని పిలిస్తి. గుర్రం సరిగ్గా నా ముందరే నిలబడె. మా అన్న నన్ను చూసి నవ్వినాడురా. మోసం చేసినోడు అట్ల నవ్వుతాడా?"

"నవ్వడత్తా" అన్నాను.