నాన్న డీజిల్ కరెంటు

ఈ మధ్య జూబ్లీ హిల్స్‌లో ఓ పెద్ద బట్టల దుకాణం పక్క నుంచి నడిచి వస్తుంటే, వెనక సందులో ఎవరో జనరేటర్ వేసి చూస్తున్నారు. కరెంటు పోయి కాదు, ఆ యంత్రం ఇంకా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి. గుప్పున డీజిల్ పొగ వచ్చింది. పక్కన నడుస్తున్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు నాకు అది మా నాన్న వాసన.

నాన్న సినిమా షూటింగులకు జనరేటర్ వ్యాన్ నడిపేవాడు. బండి వేరొకరిది. దాన్ని తోలుకెళ్ళి, చప్పుడు మైకుల్లో పడకుండా కాస్త దూరంగా నిలిపి, మణికట్టంత లావు కేబుళ్ళు పరిచి, లైట్లకు కరెంటు ఇవ్వడం ఆయన పని. ఫిల్మ్‌నగర్ గుట్ట కింద రెండు గదుల కిరాయి ఇంట్లో నాన్న, అమ్మ, నానమ్మ, అక్క, నేను ఉండేవాళ్ళం. పని లేనప్పుడు బండి మా గల్లీ చివర ఖాళీ జాగాలో ఆగేది.

ఎండాకాలం వచ్చిందంటే కరెంటు పోవడం మొదలయ్యేది. పంకా రెక్కలు ఒక్కొక్కటిగా కనబడుతూ ఆగిపోయేవి. వంటింట్లోంచి మామిడికాయ తొక్కు ఘాటు, కుండకు చుట్టిన తడి గోనెసంచి వాసన, ఎదురింటి మల్లెపూల వాసన కలిసి వస్తుండగా, గల్లీ అంతా గడపల ముందు గచ్చు మీద చేరి కబుర్లు చెప్పుకునేది. తాటాకు విసనకర్ర నానమ్మ చేతిలో ఆగేదే కాదు. కందిలి వెలుతురులో పెళ్ళి చేసుకున్న మనిషి ఆమె. ఊళ్ళో మొదటిసారి స్తంభాలు పాతిన నాడు బల్బుకు బొట్టు పెట్టబోయి తాతతో తిట్లు తిన్నది. ఆమెకు కరెంటు చుట్టం లాంటిది. ఏ ఊరి నుంచి వచ్చిందో అడగకుండా ఇంట్లోకి రానిచ్చేది కాదు.

"సాగర్ నిండితే పంకా సల్లగ తిరుగుతదిరా" అనేది.

"నీళ్ళ కరెంటు ఇంక యాడిదమ్మా? ఇప్పుడంత బొగ్గు కరెంటే" అనేవాడు నాన్న.

"గందుకే గింత ఉడుకపోస్తుంది."

బళ్ళో టీచరు కూడా అదే చెప్పింది. ఒకప్పుడు మన కరెంటులో నీళ్ళది పెద్ద వాటా, ఇప్పుడు బొగ్గుది, ముందు ముందు గాలి నుంచీ ఎండ నుంచీ కూడా తీస్తారని. ఎండ మాట వినగానే క్లాసంతా గొల్లున నవ్వింది, ఎండలు ముదిరితేనే కదా కరెంటు పోయేది! నేను నవ్వలేదు. బోర్డు మీద ఎక్కడా మా నాన్న చేసే కరెంటు లేదని చిన్నబుచ్చుకుని కూర్చున్నాను.

ఆ కరెంటు మా ఇంటికీ ఎన్నడూ రాలేదు. అది బేబీ కోసం. సినిమావాళ్ళు వేషాలు వేసే ఆడపిల్లల్ని పేరు ముందు బేబీ తగిలించి పిలుస్తారు గానీ, మా నాన్న ఉత్త బేబీ అనే అనేవాడు. ఒక ఏడాదంతా ఆయన పనిచేసిన సినిమాలో నా వయసు పిల్ల. ఇంటికొచ్చి పచ్చిపులుసు అన్నంలో కలుపుకుంటూ మొదలుపెట్టేవాడు: "గా బేబీ ఉన్నది చూడు, గంత పెద్ద లైటు మొకం మీద పడ్డా రెప్ప కొట్టది." నేను పెరట్లోకి వెళ్ళి రెప్ప కొట్టకుండా సూర్యుణ్ణి చూడటం మొదలుపెట్టాను. కళ్ళు ఎర్రబడి, అమ్మతో రెండు దెబ్బలు తిన్నాను కానీ, ఎందుకలా చేశానో చెప్పలేదు.

నాన్న వెలుతురు ఒక్కసారి నా మీద కూడా పడాలి. ఆ ఏడాదంతా నాకున్న కోరిక అదొక్కటే. చివరికి బతుకమ్మ పండుగ రోజుల్లో ధైర్యం చేసి అడిగాను.

"నాన్నా, సద్దుల నాడు మన గల్లీల లైటు పెడుతవా?"

"పెడుత బిడ్డా. దసరాకు బండి కడిగి పూజ చెయ్యాల్నే కద. ఓనర్‌ను అడిగి గా దినం మనకే పెడుత."

ఎవరితోనూ పెద్దగా మాట్లాడని నేను గల్లీలో ఆడపిల్లలందరికీ చెప్పుకుని తిరిగాను. పండుగ ఆఖరి రోజైన సద్దుల నాటికి ఇంటి నిండా తంగేడు, బంతి, రంగు అద్దిన గునుగు పూలు. వంటింట్లో మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పులిహోర. నాన్న బండిని కడిగి, పసుపు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. గోడకు రెండు పెద్ద లైట్లు కట్టాడు. పొద్దు గూకుతుండగా ఫోను మోగింది. ప్రొడక్షన్ మేనేజరు గొంతు నాక్కూడా వినపడింది.

"ఏమయ్యా యాదగిరీ, ఎక్కడున్నావ్? బేబీ బతుకమ్మ పాట ఇంకా అవ్వలేదు. రేపట్నుంచి ఆ పిల్ల చెన్నైలో ఉంటుంది. బండి పట్రా తొందరగా!"

"సార్, ఇయ్యాల పండుగ..."

"ఇక్కడా పండగేనయ్యా!"

నాన్న నా వైపు చూడకుండా లైట్లు విప్పాడు. నిమ్మకాయల్ని నలిపేసుకుంటూ, మెడలో దండతోనే బండి గుట్ట ఎక్కింది.

బతుకమ్మలు నడుమ పెట్టి రెండు చుట్లు తిరిగామో లేదో కరెంటు పోయింది. మగవాళ్ళు బళ్ళ హెడ్‌లైట్లు వేశారు. ఆ పసుపు వెలుతురులో పక్కింటి సరిత నా జబ్బ గిల్లి, "ఏందే, మీ నాయిన లైటేదే?" అంది. నేను తలెత్తాను. చుట్టూ చీకటి. జూబ్లీ హిల్స్ వైపు ఒక్కచోట మాత్రం ఆకాశం పాలు పొంగినట్టు తెల్లగా ఉంది.

"గదే" అన్నాను.

మర్నాడు నాన్న లడ్డూల డబ్బాతో వచ్చాడు. నేను ముట్టలేదు. "లడ్డు ఏం చేసిందే నీకు?" అంది నానమ్మ. నన్ను నవ్వించాలని నాన్న ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"గా పిల్లకు బతుకమ్మ ఆడుడే రాదు బిడ్డా. మాస్టరు ఎంత చెప్పినా సినిమా స్టెప్పే వస్తుంది. గప్పుడు నేనే పోయి, మా చిన్నది గిట్ల ఆడుతది అని ఆడి చూపిచ్చిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు!"

అక్క పాత లంగా నాకు పొడుగు. వంగినప్పుడు కాళ్ళకు అడ్డం పడకుండా ఎడమచేత్తో కుచ్చిళ్ళు పైకి పట్టి, లేచాక వదిలి చప్పట్లు కొట్టేదాన్ని. అందుకే నా చప్పట అందరికంటే కాస్త ఆలస్యంగా పడేది. దాన్ని కూడా తీసుకెళ్ళి ఆ పిల్లకు ఇచ్చి వచ్చి, నేను సంతోషపడతానని నా మొహంలోకి చూస్తున్నాడు.

ఇప్పుడు నానమ్మ లేదు. గచ్చు మీద కబుర్లూ లేవు. ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుంటున్నారు. క్లాసంతా నవ్విన ఎండ కరెంటు కోసం చుట్టుపక్కల మేడల మీద నీలం పలకలు పరుచుకున్నాయి. షూటింగు లైట్లు చిన్నవై, తక్కువ కరెంటుతో వెలుగుతున్నాయి. బండిని ఓనరు అమ్మేశాక నాన్న ఇంటి పట్టునే ఉంటున్నాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వచ్చింది. "రా బిడ్డా, గీ పాటకు లైటు మనదే" అని నాన్న కేకేశాడు. తెల్లటి వెలుతురులో, కొత్త పట్టులంగాలో, బేబీ తిరుగుతోంది. పాదాల పైకే ఉన్న ఆ లంగాను ఎడమచేత్తో ఇంకా పైకి పట్టుకుంటోంది. టీవీ ముందు అక్క ఆరేళ్ళ కూతురు నైటీ లాంటి గౌను ఎత్తి పట్టుకుని అలాగే వంగి లేచింది. దాని చప్పట ఆలస్యంగా పడింది.

"చిన్నమ్మా, చూడు, మంచిగ చేస్తున్ననా?"

"అచ్చం బేబీ లెక్కనే చేస్తున్నవ్ బిడ్డా" అన్నాడు నాన్న, నాకంటే ముందే.

చిన్నప్పుడైతే సరిగ్గా ఇలాంటి సమయానికే కరెంటు పోయేది. నేను తలెత్తి పంకా వైపు చూశాను. అది తిరుగుతూనే ఉంది.