మా జేజి రుద్దిన అద్దం

నా చిన్నప్పుడు మా ఇంట్లో చందమామను దగ్గరగా చూడాలంటే మా నాయన అనుమతి ఉండాలి. నంద్యాలలో ఆయన సైన్సు మాస్టారు. టెలిస్కోపు ఆయనే సొంతంగా చేశాడని ఊరంతా అనుకునేది, ఆయనా అట్లాగే చెప్పుకునేవాడు. గొట్టం, స్టాండు ఆయన చేసినవే, కాదనను. కానీ అందులో అసలైన అద్దాన్ని రుద్దింది ఆళ్లగడ్డలో ఉండే మా జేజి, అంటే ఆయన్ను కన్నతల్లి. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన పోయాడు కదా, ఇప్పుడెందుకు అంటారు మా వాళ్లు. పోయినవాళ్ల గురించి మంచి మాత్రమే చెప్పాలంటే మా జేజి గురించి ఎవరు చెబుతారు?

మా జేజి శిల్పాల షెడ్డులో పనిచేసేది. ఉలి పట్టేది మగవాళ్లు. వాళ్లు చెక్కి వదిలేసిన విగ్రహాన్ని నీళ్లు పోస్తూ సానరాళ్లతో రుద్ది నునుపు తేల్చడం ఆడవాళ్ల పని. గుళ్లో విగ్రహం చెంపలు నిగనిగలాడుతుంటే చెక్కినవాణ్ణి మెచ్చుకుంటారు, రుద్దినామె భుజాలు ఎవరికీ గుర్తుకు రావు. ఆ పని చేస్తూనే ఆమె మా నాయన్ను చదివించింది.

ఒక వేసవిలో మా నాయన మందపాటి గాజు బిళ్లలు రెండు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒకదాని మీద ఒకటి ఉంచి, మధ్యలో గరుకు పొడి, నీళ్లు వేసి రుద్దుతూ పోతే పై బిళ్ల నడుమ కొద్దిగా గుంట పడుతుంది. దూరపు వెలుతురును ఒకచోటికి చేర్చేది ఆ గుంటే. బడి ఉన్న రోజుల్లో ఆయనకు తీరిక ఉండదు. ఆదివారం వచ్చి కొలిచి, ఇంకా రుద్దాలనో, పొడి మార్చాలనో చెప్పి నంద్యాల బస్సెక్కేవాడు. మిగతా రోజులన్నీ ఆమెవే. షెడ్డు నుంచి వచ్చి, ఎసరు పెట్టి, అది మరిగేలోపు కూడా రుద్దేది. మెత్తటి పొడికి మారేటప్పుడు ఒక్క ముతక రేణువు మిగిలినా అద్దం మీద గీత పడుతుందని ఆయన ఒకసారి చెప్పాడు. అప్పటి నుంచి పొడి మార్చిన ప్రతిసారీ ఆమె తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని, జుట్టుకు గుడ్డ చుట్టుకొని మరీ కూర్చునేది.

సెలవులకు వెళ్లినప్పుడు నేను పక్కన కూర్చొని నీళ్లు చిలకరించేదాన్ని. ఇందులో చందమామ పెద్దగా కనపడుతుందట కదా, గుంటలు, గుట్టలు కూడా తెలుస్తాయట కదా అని నన్ను పదేపదే అడిగేది. ఆ పని వల్ల ఆమె కోరుకున్నది అదొక్కటే, తను రుద్దిన అద్దంలో ఒక్కసారి చందమామను చూడటం. ఇంకేమీ అడగలేదు.

అద్దానికి బెంగళూరులో మెరిసే పూత పూయించుకొచ్చాక ఇక కావలసింది ఐపీసు. టెలిస్కోపుకు కన్ను ఆనించి చూసే చిన్న అద్దాల గొట్టాన్ని అలా అంటారు. అద్దం ఎంత మంచిదైనా మన కంటికి చేరవేసేది ఇదే. దాన్ని కొనడానికి మా నాయన హైదరాబాదు వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్లాడు. ఒక సందులో ప్రయోగశాల సామాన్లు అమ్మే అంగడి ఉంది. అక్కడి ముసలాయన రెండు ఐపీసులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్తది. సన్నగా తళతళలాడుతోంది, కన్ను పెట్టే చోట కందిబేడంత చిన్న రంధ్రం. రెండోది మిలిటరీ వాళ్ల పాత దుర్భిణి నుంచి ఊడదీసింది. లావుగా, బరువుగా, అక్కడక్కడా రంగు లేచిపోయి ఉంది. కానీ దాని అద్దం రూపాయి బిళ్లంత వెడల్పు.

ముసలాయన ఒక్కోదాన్నీ ఒక చిన్న టెలిస్కోపుకు తగిలించి, దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు వైపు తిప్పి నన్ను చూడమన్నాడు. కొత్తదాంట్లో ట్యాంకు మీది పగులు ఒక్కటే, తాళం కన్నంలోంచి చూసినట్టు కనపడింది. కన్ను కాస్త కదిలితే అదీ మాయం. పాతదాంట్లో ట్యాంకు మొత్తం, దాని మెట్లు, మెట్ల మీద కాకి, చుట్టూ ఆకాశం, అన్నీ కనపడ్డాయి. అంచుల్లో కొద్దిగా సాగినట్టున్నా నడుమ అంతా స్పష్టంగా ఉంది. దాని ధర కూడా తక్కువే. పెద్దవాళ్లు, కళ్లద్దాలవాళ్లు దీంట్లో ఇబ్బంది లేకుండా చూస్తారు, ఇదే తీసుకోండి అని ఆయన మరీ మరీ చెప్పాడు.

మా నాయన కొత్తదే కొన్నాడు. మా వైపు టెలిస్కోపు అనగానే ఎవరైనా ముందు అడిగేది ఎన్ని రెట్లు చూపిస్తుందని. ఆ ప్రశ్నకు కొత్తదైతే పెద్ద అంకె చెప్పొచ్చు. పైగా పాత సామాన్ల సరుకు పెట్టుకున్నాడని ఆళ్లగడ్డలో నలుగురూ నవ్వుతారేమోనని ఆయన భయం. బస్సులో వస్తూ పాతదే బాగుందని నేనన్నాను. నీకేం తెలుసు, నోరు మూసుకో అన్నాడు. తెలియకేం, రెంటిలోనూ చూసింది నేనే.

ఆళ్లగడ్డలో షెడ్డు ముందర, పొద్దు గూకగానే ప్రదర్శన పెట్టాడు. సగం చందమామ నెత్తి మీద ఉంది. షెడ్డు యజమాని వచ్చాడు, పక్క పల్లెల నుంచి ఇద్దరు ముగ్గురు పెద్ద రైతులు వచ్చారు, శిల్పులు, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు చేరారు. ఎన్ని రెట్లప్పా అని ఒక రైతు అడిగాడు. మా నాయన అంకె చెప్పాడు, అందరూ తలలూపారు. తీరా చూస్తే అంత ఇరుకు ఐపీసులో చంద్రుడు నిలవడు. ఒకరు లేచి ఇంకొకరు సర్దుకొని వంగేలోపు జారిపోతాడు, గొట్టానికి చెయ్యి తగిలినా అంతే. మొదట వచ్చిన పెద్దమనుషులకు ఆయన ఓపిగ్గా మళ్లీ మళ్లీ వెతికి పెట్టాడు. తర్వాతి వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన ఓపిక తగ్గింది. అయినా ఒక్కరూ కనపడలేదని అనలేదు. మాస్టారు పెట్టిన దాంట్లో తనకు కనపడలేదంటే లోపం తన కంటిదే అనుకుంటారని ప్రతివాడికీ బెరుకు.

ఆడవాళ్లు చివర. సొంత మనిషి కాబట్టి మా జేజి వాళ్లందరికన్నా చివర. కంటి ఆపరేషన్ అయిన తర్వాత పెట్టిన లావుపాటి అద్దాలు ఆమెవి. అవి పెట్టుకుంటే కన్ను ఆ రంధ్రం దగ్గరికి చేరదు, తీస్తే అంతా మసక. ఫోకస్ మర కొద్దిగా తిప్పితే ఆ మసక కొంతైనా తగ్గేది. కానీ దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు, తిప్పి ఇచ్చే తీరిక ఆయనకు లేదు. వయసుతో తల కూడా కొద్దిగా వణికేది. ఆసరాకు ఆమె గొట్టాన్ని పట్టుకుంది. కదులుతుంది, పట్టుకోవద్దని ఆయన గద్దించాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకొని, నడుము వంచి, అలాగే చూస్తూ నిలబడింది.

"కనపడిందా?" అన్నాడు మా నాయన, అప్పటికే యజమాని వైపు తిరుగుతూ.

"ఆ, కనపడిందప్పా. బాగుండాది" అంది మా జేజి.

ఆయన టెలిస్కోపుకు మూత పెట్టేశాడు. ఇంత అద్దాన్ని ఎట్లా చేసినావని యజమాని మెచ్చుకుంటే, నెలల తరబడి కూర్చొని రుద్దానని చెప్పాడు. రుద్దానన్నాడు, రుద్దించానని కూడా అనలేదు. ఆ మాట విన్న మా జేజి కళ్లద్దాలు పెట్టుకొని, వచ్చినవాళ్లకు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

మరుసటి రోజు పొద్దున ఆమె పొయ్యి ముందు కూర్చొని ఉంటే, చందమామ మీది గుంటలు ఎట్లా ఉన్నాయని అడిగాను.

"యాడివే పాపా గుంటలు. నల్లగా ఉండె. నాకేం కనపల్యా."

"మరి కనపడిందంటివే?"

"అంతమందిలో అడిగె గదా. ల్యాదంటే వాని మొగం ఎంత సిన్నబోతాదో నాకు తెల్దా? మీ నాయనకు జెప్పొద్దు."

పుల్లలు ఎగదోసి, అది తను రుద్దిన అద్దమేనా, వేరేది పెట్టాడా అని నన్ను అడిగింది. నీదే జేజీ అన్నాను. ఆమె అవునా అన్నట్టు తలూపింది.

జేజికి ఇంకొకసారి చూపిద్దామని నేను మా నాయన్ను అడగకపోలేదు. చూసింది కదా, ఎన్నిసార్లు అన్నాడు. ఆ ఏడు వానలు తగ్గక ముందే మా జేజి జ్వరంతో పోయింది.

నేను కూడా సైన్సు టీచర్నయ్యాను. ఉద్యోగం వచ్చాక నాకోసం కొనుక్కున్న మొదటి వస్తువు వెడల్పు ఐపీసు. ఆ తర్వాత చాలా ఏళ్లకు, మా నాయనకు కూడా లావు కళ్లద్దాలు, తల వణుకు వచ్చాయి. ఒక సాయంత్రం నంద్యాలలో మా మిద్దె మీద తన పాత టెలిస్కోపుకు తన పాత ఐపీసే తగిలించుకొని వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు. ఏం కనపడుతోందో చెప్పమన్నాను. చంద్రుడే, ఇంకేముంటుంది అన్నాడు. అలాంటి జవాబు జేజి నోట ఒకసారి విన్నాను. ఆ ఐపీసు తీసేసి నాది పెట్టాను. కళ్లద్దాలు తీయనక్కర్లేదని, గొట్టం పట్టుకున్నా పర్వాలేదని చెప్పి, ఫోకస్ మర ఆయన చేతనే తిప్పించాను.

మర తిప్పుతున్న ఆయన చెయ్యి ఒకచోట ఆగింది. చందమామ మొత్తం, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక్క చూపులో. "మాయమ్మ రుద్దిన అద్దమే ఇది" అన్నాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. అంతటితో ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్నేమో. ఆ పొద్దు మాయమ్మ ఎంత సంతోషంగా చూసిందో అని కూడా అన్నాడు.

"జేజికేం కనపల్యా నాయనా. నీ మొగం సిన్నబోతాదని కనపడిందని చెప్పింది."

ఆయన కన్ను ఐపీసు మీంచి తీయలేదు. చంద్రుడు ఎప్పుడో జారిపోయి ఉంటాడు, అయినా తీయలేదు. అలాగే వంగి, నాకు జెప్పొచ్చు గదా ఆమె అన్నాడు. నువ్వు కనపడిందా అని అడిగితివి గాని ఏం కనపడిందని అడగల్యా అన్నాను. చెప్పొద్దన్న జేజి మాట దాటాను. అందుకు నాకేం విచారం లేదు. ఒక్క మనిషైనా ఆమె తరఫున ఆ మాట అనాలి.

ఇప్పుడు మా వైపు పిల్లలు ఫోన్లోనే ఐపీసులు చూసి, ఏది కొనమంటావు మేడం అని ఫోటోలు పంపుతారు. వాళ్లు కూడా అడిగేది ఎన్ని రెట్లనే. అంకె పక్కన పెట్టండి, కళ్లద్దాలతో చూసినా లోపలి గుండ్రటి దృశ్యం మొత్తం కనపడేది వెతకండి, అంచుల్లో చుక్కలు కొద్దిగా సాగినా ధర తక్కువైతే సర్దుకోండి, మీ ఇంట్లో పెద్ద వయసు మనిషికి ముందు చూపించి అప్పుడు కొనండి అంటాను. విసుక్కునేవాళ్లూ ఉన్నారు, విసుక్కోనీ.

మొన్న ఆళ్లగడ్డలో బడి పిల్లలకు చందమామను చూపిస్తుంటే, మనవడిని వెతుక్కుంటూ వచ్చిన ఒక ముసలామె కూడా వరుసలో నిలబడింది. ఆమె వంగి చూసింది. ఏం కనపడుతోందమ్మా అని అడిగాను, అందరినీ అడిగినట్టే. "నాకేం కనపల్యామ్మా" అంది, జంకు లేకుండా. కొంచెం ఉండమని చెప్పి, ఫోకస్ ఆమె కంటికి తగ్గట్టు తిప్పుతూ నిలబడ్డాను. నా వెనక వరుస పెరుగుతూనే ఉంది. కనపడలేదని చెప్పే ఆ కాస్త చనువు మా జేజికి కన్నకొడుకు దగ్గర దొరకలేదు.